'రైట్' దొరకని పెళ్లి బస్సు

1968 మే నెలలో నన్ను సాలూరు రూటుకి చెకింగ్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. మాది ప్రైవేటు బస్సు కంపెనీ. కండక్టరుపైన కంట్రోలరు, కంట్రోలరుపైన నేను. దారిలో ఎక్కడైనా బస్సు ఆపి ఎక్కడం, టికెట్లు చూడడం, జనం మించితే దింపెయ్యడం నా పని. పెళ్లిళ్ల కాలం గనక స్పెషల్ బస్సుల్లో మొదటినుంచి చివరిదాకా కూర్చుని వెళ్లమని కూడా చెప్పారు. నేను ఎక్కగానే కండక్టర్లు నోరు మూసుకునేవారు. దాన్ని నేను గౌరవమనే అనుకునేవాణ్ని.

ఇంగ్లీషు ఒక్క ముక్క రానివాడికి కూడా మా ప్రాంతంలో 'రైట్' వచ్చు. బడిలో పంతులు లెక్కకి కొట్టే గీత రైటు. సంబంధం కుదిరితే రైటు, పేకాటలో పందానికి ఒప్పుకుంటే రైటు. సాలూరులో లారీ వెనక్కి తీయించే క్లీనరు 'రైట్ రైట్' అంటూనే గోడదాకా తీసుకుపోయేవాడు. ఇద్దరు తగువులాడుకుని విడిపోయేటప్పుడు 'రైట్, నీ సంగతి సూస్తాను' అంటే అది బెదిరింపు. ఎవరినైనా పనిలోంచి తీసేస్తే 'ఆడికి రైట్ సెప్పీసినారు' అనేవారు. కుడివైపు అనే అర్థం కూడా ఉందని డ్రైవర్లు తప్ప ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

మా బస్సుల్లో మాత్రం దాని అర్థం ఒకటే: కదలొచ్చు. డ్రైవరు కూర్చునే క్యాబిన్‌కీ ప్రయాణికులకీ మధ్య రేకు అడ్డం ఉండేది. వెనక ఏం జరుగుతోందో అతనికి కనబడదు. వెనక మెట్టుమీద నిలబడ్డ కండక్టరు 'రైట్' అంటేనే గేరు వెయ్యాలి. సంతరోజుల్లో జనం సరదాకి అరిచి, కండక్టరు రోడ్డుమీద ఉండగానే బస్సును సాగనంపేసేవారు. అందుకని తన కండక్టరు గొంతు తప్ప ఇంకెవరి గొంతు విన్నా బండి తియ్యకూడదని రూలు పెట్టాం. డ్రైవర్లకి ఆ రూలు ట్రైనింగులో నేర్పింది నేనే.

ఆ నెలలోనే సాలూరునుంచి రామతీర్థానికి ఒక పెళ్లి స్పెషల్ వేశాం. డ్రైవరు అప్పలస్వామి, కండక్టరు సింహాచలం, చెకింగుకి నేను. పెళ్లికూతురివాళ్లంతా అందులోనే. వాళ్లందరిలోకీ తొందర పెళ్లికూతురి మేనమామకి. పిల్లని గంపలో కూర్చోబెట్టి పీటలదగ్గరికి మోసుకెళ్లాల్సింది ఆయనే. 'నాను నేకపోతే గంపెత్తీవోడు నేడు' అని ఎక్కినప్పటినుంచి ప్రతివాడికీ చెబుతున్నాడు.

వరసగా పెళ్లి స్పెషల్స్‌లో అరిచి అరిచి సింహాచలం గొంతు అప్పటికే బొంగురుపోయింది. గజపతినగరంలో రేడియేటరుకి నీళ్లు పోయడానికి ఆపాం. అందరూ ఎక్కారు. సింహాచలం మెట్టుమీద నిలబడి నోరు తెరిచాడు. గాలి తప్ప మాట రాలేదు.

బస్సు కదల్లేదు. ముహూర్తానికి ఎక్కువ వ్యవధి లేదు. మొదట ముసలమ్మలు, తర్వాత మేళగాళ్లు, చివరికి బస్సు బస్సంతా 'రైట్! రైట్!' అని గోల మొదలెట్టారు. అప్పలస్వామి రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నాడు. మేనమామ బస్సు దిగి క్యాబిన్ దగ్గరికి వెళ్లాడు.

"ఏటయ్యా, అందరం రైటంతన్నాం గదా, నీకు సెవులు నేవేటి?"

"మీరు పెళ్లోరు బావూ. పెళ్లోరు రైటే అంతారు. నాకు కండట్రు అనాల."

సింహాచలం పరిగెత్తుకుంటూ ముందుకొచ్చి చెయ్యి ఊపాడు. దానికి అప్పలస్వామి, "ఒరే, నువ్వు ముందరుంటే ఎనకాల ఎవుడు సూస్తాడ్రా?" అన్నాడు. నేనూ దిగి వెళ్లి, పోనీ వెనకనుంచే రేకు కొట్టమని సింహాచలానికి చెప్పాను. బయల్దేరినప్పటినుంచి మేళగాళ్లు అదే రేకుమీద దరువేస్తున్నారని, తను ఏది నమ్మాలని అప్పలస్వామి అడిగాడు.

ఇక లాభం లేదని నేనే గట్టిగా 'రైట్' అన్నాను.

"తమరు ఇనస్పెట్రు బావూ, కండట్రు కాదు గదా," అన్నాడు వినయంగా.

నాకు ఒళ్లు మండింది. మందలిద్దామంటే రూలు నాదే అయిపోయింది. బస్సులో ఎవరో నవ్వారు. సింహాచలం ఒక్క క్షణం నావంక చూసి, మెడలోని తోలు సంచీ తీసి నా మెడలో వేశాడు. టికెట్లకి చిల్లులు కొట్టే పంచి చేతిలో పెట్టాడు. మా కంపెనీలో ఆ రెండూ ఎవరిదగ్గరుంటే వాడే కండక్టరు. ఇస్త్రీ ప్యాంటు మీద జిడ్డు సంచీతో నేను వెనక మెట్టెక్కాను. పెళ్లికూతురు కూడా తల వంచుకుని నవ్వుతోంది.

"రైట్!" అన్నాను, నా హోదా అంతా అందులో పెట్టి.

ఇంజను మోగింది గాని బస్సు కదల్లేదు. క్యాబిన్‌లోంచి గొంతు వినబడింది: "సూసినారా, బావూ?"

చూడలేదు. నన్ను చూసి నవ్వుతున్నవాళ్లను తప్ప ఇంకేమీ చూడలేదు. తిట్టుకుంటూ దిగాను. వెనక చక్రం దగ్గర రెండు కాళ్లు, పట్టు పంచె కనిపించాయి. మిగతా మనిషి బస్సుకింద ఉన్నాడు. క్యాబిన్ దగ్గరనుంచి కోపంగా తిరిగొస్తూ కాలు నేలకేసి కొట్టడంతో ఆయన కొత్త కిర్రుచెప్పు ఎగిరి చక్రం వెనక పడింది. దానికోసం పాకుతూ కూడా మేనమామ అరుపు మానలేదు.

"రైట్, రైట్! ఇంకా ఏటి సూస్తారు? ముహూర్తం ఎలిపోతాది!"

అప్పలస్వామి అడగకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ భయమే. పంచె పట్టుకుని ఆయన్ని బయటికి లాగాను. చెప్పు చేతిలో పెట్టుకుని లేచి, చక్రంకేసి చూసి, నాకేసి చూసి, ఎక్కి కూర్చున్నాడు. నేను బస్సుచుట్టూ తిరిగొచ్చి మళ్లీ 'రైట్' అన్నాను. ఈసారి బస్సు కదిలింది.

రామతీర్థంలో పురోహితుడు పెళ్లికూతుర్ని తీసుకురమ్మని అప్పటికే కేకలేస్తున్నాడు. మేనమామ ఒక్క ఉదుటున గంప ఎత్తుకున్నాడు. పెళ్లి ముహూర్తానికే అయింది. భోజనాల దగ్గర ఆయన అప్పలస్వామి పక్కన కూర్చుని అతని విస్తట్లో బూరెలు తనే వేశాడు. నాకు మాత్రం, కండక్టరునని, ఆఖరి పంక్తిలో విస్తరి వేశారు.

అంతకుముందు కొత్త కండక్టర్లకి ట్రైనింగులో 'మీ గొంతు డ్రైవరుకి వినబడాలి' అని చెప్పేవాణ్ని. ఆ పెళ్లి తర్వాత, దిగి వెనక చక్రాలదాకా వెళ్లి చూసొస్తేగాని ఎవరినీ నోరు విప్పనివ్వలేదు.