కెమెరాకు పెట్టిన బొట్టు

వళ్ళి ఆ కంపెనీలో చేరింది ఓణీలు వేసుకునే వయసులో. ఇప్పుడు తల సగం నెరిసింది. సింగానల్లూరు సందుల్లో ఉండే పంపుసెట్ల కంపెనీ అది. ఇన్నేళ్ళుగా ఆమె చేసేది ఒకటే పని. మోటారు లోపల బోలుగా ఒక ఇనుప చట్రం ఉంటుంది, దాని లోపలి అంచున వరసగా గాడులు. ఆ గాడుల్లోకి రాగి తీగ చుట్టల్ని చేత్తో దించి, బయటికి మిగిలిన చివరల్ని దారంతో బిగించి కట్టాలి. చూసేవాళ్ళకు పూలు కట్టినంత తేలిగ్గా ఉంటుంది. నడుము సంగతీ వేళ్ళ సంగతీ కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది.

ఆమెకు తన జీవితం కూడా మోటార్ల లెక్కలోనే గుర్తు. మీ ఆయన ఎప్పుడు పోయాడమ్మా అని అడిగితే, "పెద్ద బోరు మోటారు కొత్తగా వచ్చిన ఏడు" అంటుంది. కూతురి పెళ్ళి ఎప్పుడంటే అదీ ఏదో మోటారు పేరు చెప్పి పక్కకు తిరుగుతుంది. వినేవాడికి ఏమీ అర్థం కాదు. ఆమెకు మాత్రం అంతకన్నా సరైన లెక్క లేదు.

జెబమలర్‌ది అదే కాలనీలో ఎదురిల్లు. రెండు ఇళ్ళలోనూ తెలుగే. తలుపు దాటితే తమిళం. జెబమలర్ వాళ్ళు చర్చికి పోతారు, వళ్ళి మారియమ్మకు మొక్కుతుంది. పెళ్ళై వచ్చిన కొత్తల్లో ఆ పిల్లను కంపెనీకి తీసుకుపోయి, పక్కన కూర్చోబెట్టుకుని, వేలు పట్టి ముడి వేయడం నేర్పింది వళ్ళే. కొన్నాళ్ళకు జెబమలర్ ముడి ఏదో వళ్ళి ముడి ఏదో చెప్పడం ఎవరి తరమూ కాలేదు. తోడబుట్టినవాళ్ళు కూడా అంత కలిసిమెలిసి ఉండరు.

అలా ఉండగా కెమెరాలు వచ్చాయి. ప్రతి బల్ల మీదా ఒక గొట్టం, గొట్టానికి అరచేతిలో పట్టేంత కెమెరా, పక్కన రెండు దీపాలు. కట్టిన చట్రాన్ని దాని కింద పెట్టాలి. పచ్చ దీపం వెలిగితే సరే. ఎర్ర దీపం వెలిగితే విప్పి మళ్ళీ కట్టాలి. గోడ మీద పెద్ద తెర ఒకటి బిగించి, అందరి పేర్లూ అందులో ఎక్కించారు. పచ్చలు ఎక్కువైతే పేరు పైకి పోతుంది, ఎరుపులు పడితే కిందికి జారుతుంది. బడి పిల్లలకు కూడా ఇంత అవమానం ఉండదు. ఈ కంపెనీ మోటార్లు కొనేది ఎక్కడో ఉన్న ఇంకో పెద్ద కంపెనీ. ఆ తెర అక్కడ వాళ్ళకు కూడా అదే క్షణంలో కనబడుతుందని సూపర్‌వైజర్ రాజేంద్రన్ తానే కనిపెట్టినట్టు చెప్పాడు.

"మనిషి కంటే ఇది కరెక్టుగా సూస్తాది అక్కా. పొయ్యే సెప్పదు" అన్నాడు.

పొయ్యే అంటే అబద్ధం. నిజమే, కెమెరా అబద్ధం చెప్పదు. తన కంటికి ఏదైనా అడ్డం వచ్చిందని కూడా చెప్పదు.

ఆ ఏడాది ఆయుధ పూజ ఎప్పట్లాగే చేశారు. ఆ కంపెనీలో దీపావళి కన్నా అదే పెద్ద పండగ. మెషిన్లన్నీ ఆపి, కడిగి, అరటి పిలకలు కట్టి, సుత్తి మొదలుకొని మొదలాళి కారు దాకా అన్నిటికీ చందనం, కుంకుమ పెడతారు. మొదలాళి అంటే యజమాని, తెలుగు నాయుడే. పూజయ్యాక మరమరాల పొరి, శనగలు పంచుతారు. ఎవరి బల్లకు వాళ్ళే బొట్టు పెట్టుకోవాలి. పెట్టిన బొట్టును ఎవరూ తుడవకూడదు, అది తనంతట తాను ఎండి రాలిపోవాలి. ఏళ్ళ తరబడి అదే కట్టుబాటు.

జెబమలర్ బల్లకు మాత్రం ఏటా వళ్ళే పెట్టేది. జెబమలర్ తను పెట్టదు, పెడితే వద్దనదు.

"నా బల్ల మాత్రం బోడి నుదురుతో ఉంటే బాగుంటాదా అక్కా? నువ్వు పెట్టు" అని వాకిలి దగ్గర నిలబడి పొరి నములుతూ నవ్వింది.

అప్పటికి గిన్నెలో చందనం అడుగంటింది. వళ్ళి కాస్త పన్నీరు పోసి కలిపింది. బల్లకు పెట్టింది, కత్తెరకు పెట్టింది. మిగతావాళ్ళు గొట్టానికి పెట్టి ఊరుకున్నారు. ఆమెకు అది చాలనిపించలేదు. స్టూలెక్కి కెమెరా నుదుటి మీదే పెద్ద బొట్టు పెట్టింది.

"దినమంతా నిన్ను సూసే కన్ను గదే. సల్లంగా సూడనీ" అంది.

పన్నీరు ఎక్కువైన చందనం నిలుస్తుందా? కారింది. కెమెరా అద్దం అంచున సన్నటి చారగా దిగి, అక్కడే ఎండిపోయింది. ఈ సంగతి ఎవరికీ తట్టలేదు.

పండగ తర్వాత జెబమలర్ బల్ల దగ్గర ఎర్ర దీపం వెలగడం మొదలైంది. అన్నిటికీ కాదు. చిన్న మోటార్లకు పచ్చే. పెద్ద చట్రం పెట్టినప్పుడే దాని అంచు ఆ చార కిందికి వచ్చేది. గాడి బయట పసుపు గీత కనబడితే కెమెరా దాన్ని బయటికి లేచిన రాగి తీగ అనుకునేది. జెబమలర్ అంతా విప్పి మళ్ళీ కట్టేది. రెండోసారి పెట్టినప్పుడు చట్రం కాస్త పక్కకు జరిగితే పచ్చ వచ్చేది. మొదట తప్పు కట్టాను, ఇప్పుడు సరిచేశాను అనుకునేది. రాజేంద్రనూ అలాగే అనుకున్నాడు. చెప్పడానికి నోరు రావడం లేదు గానీ, వళ్ళి కూడా అలాగే అనుకుంది.

"ఏమే, ఇంట్లో ఏమన్నా కవలైనా, దిగులా? సేతి మీద మనసు లేదు నీకు" అని ఒకరోజు మందలించింది కూడా.

జెబమలర్ ఆ వారమే కంటి ఆసుపత్రికి పోయి, కళ్ళద్దాలు పెట్టించుకుని వచ్చింది. అద్దాలు పెట్టుకున్నా ఎరుపు ఎరుపే. అన్నం డబ్బా తెరిచి, మూతపెట్టి, తన వేళ్ళు తానే తిప్పి తిప్పి చూసుకునేది. తెరమీద ఆమె పేరు దిగి దిగి అట్టడుగున కూర్చుంది.

సరిగ్గా అప్పుడే మొదలాళి ఆటోమేటిక్ మెషిన్ తెప్పిస్తున్నాడని తెలిసింది. అది తీగ తానే చుట్టి తానే దించుతుంది. దాని పక్కన పెద్ద మోటార్లు కట్టడానికి కొందరు చాలు. ఎవరు ఉండాలో తెరే చెబుతుందన్నారు. చెప్పింది. క్రిస్మస్‌కు ముందు, చర్చిలో నక్షత్రాలు కడుతున్న రోజుల్లో, జెబమలర్‌ను ఇక రావద్దన్నారు. ఆమె కత్తెర వళ్ళి చేతిలో పెట్టి, "ఇది మంచి కత్తెర అక్కా, నువ్వు పెట్టుకో" అని వెళ్ళిపోయింది.

కొత్త మెషిన్‌కు చోటు చేయడానికి బల్లలు జరుపుతుంటే, శబరి అనే టెక్నీషియన్ జెబమలర్ బల్ల కెమెరాను విప్పాడు. తెల్ల గుడ్డతో అద్దం తుడిచాడు. గుడ్డకు పసుపు అంటింది.

"ఇదేంది అక్కా, మంజళ్ మాదిరి ఉండాది?"

వళ్ళి గుడ్డ తీసుకుని వాసన చూసింది. చందనం.

గుడ్డ పట్టుకుని రాజేంద్రన్ దగ్గరికి పరుగెత్తింది. అతను శబరిని పిలిచి పాత ఫొటోలు తీయించాడు. ఎరుపు వచ్చిన ప్రతి ఫొటోలోనూ, అదే చోట అదే చార. చూసి తల పట్టుకున్నాడు. "అయ్యో పావం" అన్నాడు. "ఆయితే లెక్క క్లోజ్ ఆయిపోయె అక్కా. నా సేతిలో లేదు. మొదలాళి దగ్గర సెప్పుదాము రా."

మొదలాళి కూర్చోమన్నాడు. ఓపిగ్గా విన్నాడు. చెడ్డవాడైతే నాలుగు మాటలు తిట్టి బయటికి రావచ్చు. అతను చెడ్డవాడు కాడు, అదే వచ్చిన చిక్కు.

"వళ్ళీ, నువ్వు సెప్పేది నిజమే. నేను నమ్తాను. మా నాయన కాలంలో అయితే పలక మీది పేరు తుడిచి మళ్ళీ రాసి ఉందును. ఇది నా పలక గాదమ్మా, వాళ్ళది. ఎవురు కట్టాల్నో ఆ పేర్లు వాళ్ళకు పోయి, వాళ్ళు సరి అని అనుమతి ఇచ్చేసినారు. ఇప్పుడు పోయి మా కెమెరాకు చందనం అంటింది, మూడు నెలలు ఎవురూ సూడలేదు అంటే, మీ పచ్చలను మాత్రం ఎట్ల నమ్మేది అంటారు. ఆర్డరే పోతాది. నువ్వూ ఇంటికి పోతావు, మిగిలినోళ్ళూ పోతారు."

"తప్పు నాది సామీ. నన్ను నిలిపేసి దాన్ని పనిలోకి తీసుకోండి" అంది వళ్ళి.

"అది మార్చేదానికి కూడా తావు లేదు. దాని పేరు పెడితే ఆ తెర లోపలికి తీసుకోదు" అని చేతులెత్తేశాడు. నిజంగానే రెండు చేతులూ ఎత్తాడు. వాటిలో ఏమీ లేదని చూపిస్తున్నట్టుంది.

ఆదివారం, చర్చి అయ్యే వేళకు వళ్ళి ఎదురింటికి పోయింది. జెబమలర్ కాఫీ ఇచ్చింది. వళ్ళి గుడ్డ చూపించి, మొత్తం చెప్పి, ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"నీ సేయి తప్పలేదే. నీ కన్ను తప్పలేదు. నేనే నీ కడుపు కొట్టినాను. ఆండియప్పన్న కాలిన మోటార్లు కట్టే అంగడి పెట్టుకోని ఉండాడు గదా, ఆడ సెప్పినాను. రేపే రమ్మన్నాడు."

జెబమలర్ తల అడ్డంగా ఊపింది.

"వద్దక్కా. ఎవురి మోటారన్నా కాలిపోతే? రెండోసారి కట్టినాక పచ్చ వచ్చేది గదా. మొదట ఏమో తప్పు ఉండబట్టే గదా."

"అది కాదే! చందనం..."

"సరి అక్కా. నువ్వు సెప్తే సరి" అంది, పసిదాన్ని ఊరడించినట్టు.

వళ్ళికి కోపం వచ్చింది, దుఃఖం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. "కారింది నీకు కనపడలేదా? దినమూ ఆడనే కూసుంటివే. ఒక్కసారి తుడిచి ఉండరాదా?"

"కనపడింది" అంది జెబమలర్. "నువ్వు పెట్టింది గదా అక్కా. నేనెట్ల తుడుస్తాను?"

కాఫీ చల్లారిపోయింది.

సోమవారం వళ్ళిని జెబమలర్ బల్లకు మార్చారు, కొత్త మెషిన్‌కు అదే దగ్గరని. కెమెరా అద్దం తళతళలాడుతోంది. మొదట పెద్ద చట్రమే వచ్చింది. వళ్ళి తీగ దించింది, జెబమలర్ కత్తెరతో దారం తెంపింది, ముడి వేసింది. జెబమలర్‌కు తను నేర్పిన ముడే, జెబమలర్ ఇన్నేళ్ళూ ఆ బల్ల మీద వేసిన ముడే. చట్రాన్ని కెమెరా కింద పెట్టి కళ్ళు మూసుకుంది.

తెరిచేసరికి పచ్చ దీపం వెలుగుతోంది. గోడ మీది తెరలో వళ్ళి పేరు ఒక మెట్టు పైకి జరిగింది.