చున్నీ గుడ్డ చుట్టిన క్యూ

ఈ రోజు పొద్దున చేసిన తప్పు ముందే చెప్పేస్తాను; లేకపోతే రాస్తూ రాస్తూ నన్ను నేను వెనకేసుకొస్తాను. నాకు నమ్మి అప్పగించిన ఒక పాత బిలియర్డ్స్ క్యూకి, అంటే బంతిని కొట్టే కర్రకి, చేత్తో పట్టుకునే చోట చుట్టి ఉన్న గుడ్డపట్టీని బ్లేడుతో కోసి, ఊడబెరికి, వీధిలో చెత్తబండి పాట వినపడగానే ఆ పీలికలన్నీ అందులో వేసి వచ్చాను.

ఆ క్యూ మా అన్నది. సొంత అన్న కాదు, ఢిల్లీలో ఉద్యోగంలో చేరిన కొత్తలో దొరికిన అన్న. ఈ వర్షాకాలంలో పోయాడు. వదిన దాన్ని నా దగ్గరికి పంపి, ఎక్కడిదో, ఏ కాలం నాటిదో చూసి చెప్పమంది, వాళ్ల అమ్మాయి దాచుకుంటానంటోందట. పాత క్యూలు పోగుచేయడం, వాటి పుట్టుపూర్వోత్తరాలు కనుక్కోవడం నా రిటైర్మెంటు వ్యసనమని మా వాళ్లందరికీ తెలుసు. ఘాజియాబాద్‌లో మా ఫ్లాటు బాల్కనీ అంతా అవే. మూతపడ్డ క్లబ్బుల నుంచి, పాత సామాన్లు అమ్మే కబాడీ దుకాణాల నుంచి తెచ్చినవి.

ఈ వ్యసనంలో ఉన్నవాళ్లకి ఒక పట్టుదల ఉంటుంది: కర్ర తయారైన తర్వాత దానికి అంటుకున్నదేదైనా మాకు మురికే. రంగు పూసినా, టేపు చుట్టినా, గుడ్డ కట్టినా, అన్నీ తీసేస్తే గానీ అసలు క్యూ బయటపడదు. కర్ర మొదలు దగ్గర నల్ల కలప లేత కలపలోకి నాలుకల్లా చొచ్చుకుపోయి ఉంటుంది. ఆ నాలుకల కొనలు గుండ్రంగా ఉంటే చేత్తో అతికింది, సూదుల్లా ఉంటే మిషను మీద చేసింది. వాటికి కాస్త కిందుగా తయారీదారు పేరున్న బిళ్ల. గుడ్డ సరిగ్గా ఆ బిళ్ల మీదుగానే చుట్టి ఉంది. జిగురూ చెమటా పట్టి జిడ్డోడుతున్న, ఒకప్పుడు పసుపురంగుదై ఉండవలసిన గుడ్డ. నాకు ఒక్క క్షణం కూడా చెయ్యి ఆగలేదు.

కింద బిళ్ల చెక్కు చెదరకుండా ఉంది. గుండ్రటి కొనలు. మంచి విలాయతీ పనితనం. భూతద్దం పెట్టుకుని చూస్తూ అంత సంతోషపడ్డానని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

నాకు ఈ నాలుకల సంగతి చెప్పింది కూడా అన్నే. మా ఆఫీసు స్టాఫ్ క్లబ్బులో, ఏ దొరల కాలం నుంచో మిగిలిపోయిన ఒక బల్ల ఉండేది. ఒకవైపు కాస్త కుంగిందని కాలు కింద పాత ఫైలు అట్టలు పెట్టేవాళ్లం. కాకినాడ నుంచి వచ్చిన నేను హిందీ రాక, చలికి ఓర్వలేక, సాయంత్రాలు ఆ గదిలో ముడుచుకు కూర్చుంటే, వరంగల్ నుంచి నాకంటే ముందొచ్చిన ఆయన పిలిచి చేతిలో క్యూ పెట్టాడు. నేను ఆడకుండా కర్రనే తిప్పి తిప్పి చూస్తుంటే, "తమ్మీ, దానికి పెండ్లిచూపులా? బంతిని కొడ్తవా లేదా?" అనేవాడు. ఆడేటప్పుడు ఆయన చిటికెన వేలు కర్రకి ఆనేది కాదు. టీ కప్పు పట్టుకున్న దొరసానిలా ఉందని మేమంతా వెక్కిరించేవాళ్లం. ఆ గదిలో ఇప్పుడు పాడైన కంప్యూటర్లు పేర్చారట. మేమూ ఒక్కొక్కరమే తగ్గిపోతున్నాం.

భూతద్దం ఇంకా చేతిలో ఉండగానే వదిన ఫోను. అన్నీ చెప్పి, చివర్లో, "ఆ గుడ్డ జర పైలమయ్యా. చెయ్యి వణికి కర్ర జారుతుంటే పిల్ల తన చున్నీ చింపి చుట్టింది నాయినకు. దాన్ని మాత్రం తియ్యకు" అంది.

అలాగే వదినా, అన్నాను. అప్పటికే చెత్తబండి వెళ్లిపోయింది. ఫోను పెట్టేసి కిందికి పరుగెత్తాను, వీధి చివర దాకా వెళ్లాను, లేదు. తిరిగి వస్తూ, గుడ్డ పాతబడి దానంతటదే ఊడిపోయిందని చెబితే సరిపోతుంది కదా అని కూడా అనుకున్నాను. వదిన నమ్ముతుంది. అదే నన్ను భయపెట్టింది.

సాయంత్రం క్యూ పట్టుకుని మెట్రో ఎక్కి ద్వారకా వెళ్లాను. తలుపు తీసిన అమ్మాయి చేతిలో దాన్ని పెట్టి, నేనే కోశాను, పారేశాను, పొద్దున మీ అమ్మకి చెప్పకుండా దాచాను అన్నాను. చిన్నప్పుడు నన్ను బాబాయ్ అని పిలిచేది; ఇప్పుడు అంకుల్. నున్నగా మెరుస్తున్న ఆ చోటుని బొటనవేలితో చాలాసేపు తడిమింది. వదిన వంటింట్లోకి వెళ్లిపోయింది. బిళ్ల మీద ఎవరి పేరుందో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఏం చేయమంటావమ్మా అని నేనే అడిగాను. అమ్మాయి లోపలికి వెళ్లి ఇంకో చున్నీ తెచ్చి చింపడం మొదలుపెట్టింది. ఎంత మేర చుట్టాలో కొలత కోసం, నాన్న పట్టుకున్నట్టు పట్టుకోమంది. అది నాకు తెలిసిన విద్యే అనుకుని, చిటికెన వేలు గాల్లోకి లేపి పట్టుకున్నాను.

"ఐసే నహీ, అంకుల్" అంది మెల్లగా. "లాస్ట్‌లో అలా కాదు." నా వేలిని తన వేళ్లతో కిందికి వంచి, పిడికిలంతా బిగించింది. చివర్లో ఆయన కర్రని అలా రెండు చేతులా బిగించి పట్టుకుని, ఆడకుండా ఊరికే కూర్చునేవాడట. చెయ్యి వణకడం మొదలైన తర్వాత నేను ఆ ఇంటికి వెళ్లలేదు. చూడలేననుకున్నాను.

బాల్కనీలో ఉన్న నా క్యూలన్నీ గుర్తొచ్చాయి. ప్రతిదాన్నీ ఎవరు చేశారో చెప్పగలను. ఎవరు పట్టుకున్నారో ఇక ఎవరూ చెప్పలేరు, ఆ గుర్తులన్నీ నేనే తుడిచేశాను. మా కాలంలో ఒక మనిషి వస్తువుని ముట్టుకుంటే ఆ మనిషిని తలుచుకునేవాళ్లం. నేనెప్పుడు బిళ్లలు చదవడం నేర్చుకున్నానో, ఎప్పుడు అది మరిచిపోయానో తెలియదు.

అమ్మాయి పట్టీ కొస అంటించి బిగలాగింది. నేను కర్రని మెల్లగా తిప్పుతూ కూర్చున్నాను, ఒక్కొక్క చుట్టే పడుతూ ఆ బిళ్ల పూర్తిగా కనపడకుండా పోయేదాకా.