అయోమయం ఎవరిదండీ?

పొద్దున్నే గుమ్మంలో పడిన పేపరు మంచుకి మెత్తబడి, తడిసిన సిరా వాసన వేస్తోంది. టీ గ్లాసు పక్కన పెట్టి జిల్లా పేజీ తిప్పానో లేదో, ‘కొబ్బరి రైతుల్లో అయోమయం’ అన్న శీర్షిక, కింద కొబ్బరి కొంటారో లేదో తెలియడం లేదని నాలుగు ముక్కలు కనబడ్డాయి. ఒళ్ళు మండిపోయింది. నేను చూసే పేజీలో, నేను సెలవు పెట్టిన రోజునే! గవర్రాజు గారు ఉండి ఉంటే ఆ పేజీని నా బల్ల మీద పరిచి, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, “ఎవరండీ అయోమయంలో ఉన్నది? రైతా, మీరా?” అని అడిగేవారు.

అమలాపురంలో మా పత్రిక డెస్కుకి ఆయనే పెద్ద. నేను రాజోలు నుంచి వార్తలు పంపే కొత్తలో ఆ మాట లేనిదే నా వార్త పూర్తయ్యేది కాదు. బస్సు వేళలు మారితే ప్రయాణికుల్లో అయోమయం, పరీక్ష వాయిదా పడితే విద్యార్థుల్లో అయోమయం. రాయడానికి సుఖమైన మాట, ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. ఆయన మాత్రం దాన్ని కొట్టేసి ఫోన్ చేసేవారు. దారి తెలియకపోతే తికమక, అనుకోనిది జరిగితే తెల్లబోవడం, వేళ మించిపోతుంటే కంగారు, దేని మాట దానికి ఉందిగా అని సతాయించేవారు. “సంస్కృతంలో అయోమయం అంటే ఇనుముతో చేసిందనండీ. మీ బుర్రకి సరిపోయింది,” అని ఓసారి వెక్కిరించారు కూడా. మా అమ్మ, రెండు కాళ్ళకీ రెండు రకాల చెప్పులు వేసుకుని ఊరెళ్ళే మా బాబాయిని ‘ఉత్త అయోమయం మనిషి’ అనేది. ఆ అర్థమంటేనే ఆయనకు మంట. చెప్పాల్సినవాడు నోరు మూసుకు కూర్చుంటే, రైతు బుర్ర లేనివాడెలా అవుతాడని ఆయన వాదన. ఆయన ఫోనంటేనే నాకు విసుగొచ్చేది.

ఒకసారి ఓడలరేవు నుంచి వేటకెళ్ళిన బోటు చెప్పిన రోజుకి తిరిగి రాలేదు. నేను వెళ్ళి, ఒడ్డున కూర్చున్న ఆడవాళ్ళను చూసి, ‘మత్స్యకార కుటుంబాల్లో అయోమయం’ అని రాసి పంపేశాను. ఆటో ఎక్కానో లేదో ఫోన్ మోగింది.

“బోటు యజమాని భార్యతో మాట్లాడేరా?”

“మాట్లాడానండీ. భర్త ఎక్కడున్నాడో తెలియక ఏడుస్తోంది.”

“అది మనకీ తెలీదు కదమ్మా. ఆవిడ ఎవర్ని అడిగింది? ఆళ్ళేం చెప్పేరు? కనుక్కుని అప్పుడు రండి.”

తిట్టుకుంటూ ఆటో వెనక్కి తిప్పించాను. మిట్టమధ్యాహ్నం, కడుపులో ఏమీ లేదు. నూకరత్నం అనే ఆ మనిషి నన్ను మళ్ళీ చూసి కసిరింది.

“ఏటండీ మళ్ళీ వచ్చేరు? నిన్నట్నించీ తిరుగుతున్నానండి. ఈ ఆపీసుకెళ్తే ఆ ఆపీసన్నారు, అక్కడికెళ్తే మాది కాదన్నారు. బోటు ఏ దిక్కుకెళ్ళిందో నేను చెప్తానంటే రాసుకునేవోడే లేడండి!”

ఆ మాటే ఫోన్‌లో చెప్పాను. గవర్రాజు గారు వెంటనే సంబంధిత అధికారికి తానే ఫోన్ చేశారట. “ఆయ్, రేపు వేస్తున్నామండీ. బోటు వెళ్ళిన దిక్కు ఆవిడ చెప్తానన్నా ఎవరూ వినలేదని. దానికి మీరేమంటారో అదీ వేస్తామండీ,” అన్నారట. సాయంత్రానికి నూకరత్నం ఇంటికే మనిషి వచ్చి అంతా రాసుకున్నాడు. మర్నాడు ఆవిడ చెప్పిన వైపే, ఇంజను చెడి కొట్టుకుపోతున్న బోటు దొరికింది. తాగే నీళ్ళు అప్పటికే అయిపోయాయట. భర్త ఒడ్డు దిగితే ఆవిడ ముందు ఏడవలేదు, తిట్టింది. నేనే ఏడ్చాను. సంతోషంగా ఫోన్ చేస్తే గవర్రాజు గారు, “మంచిదండీ. ఇంతకీ ఆ అయోమయం ఎవరిదో తెలిసిందా?” అన్నారు. అప్పుడు కూడా వదల్లేదు మహానుభావుడు!

ఆయన పోయారు. కళ్ళద్దాలు, పెన్నులు ఎవరు తీసుకున్నారో తెలియదు గానీ, ఆ చిరాకు మాత్రం నాకు అప్పజెప్పి పోయారు. టీ చల్లారిపోయింది. ఆ వార్త పంపిన విలేకరికి ఫోన్ చేశాను. “రైతులకి తెలియనిది ఏమిటి? కొబ్బరి కొంటారో లేదో చెప్పాల్సింది ఎవరు? అడిగారా?”

“ఆయ్, ఇప్పుడే కనుక్కుంటానండీ,” అన్నాడు.

గంట దాటింది. ఫోన్ లేదు. మళ్ళీ చేస్తున్నాను.