నాకంటే ముందు బయలుదేరిన సంచి

ఆ రోజుల్లో మా గద్వాలలో విమానం ఎక్కి వచ్చినవాడు ఎలా ఉంటాడో చూడాలని జనానికి ఇంకా కాస్త కుతూహలం మిగిలి ఉండేది. ఇప్పుడైతే పెళ్ళికొడుకు స్నేహితులు కూడా గోవాకు విమానంలో పోయి వస్తున్నారు, ఎవరూ తల తిప్పి చూడరు. అప్పుడలా కాదు. నేను బస్టాండులో దిగి నడిచి వస్తుంటే టీ కొట్టు ముందు కూర్చున్న పెద్దమనిషి "ఇయ్యాల ఎంత ఎత్తుల పోయినవ్‌రా?" అని అడిగేవాడు. "ముప్పై మూడు వేల అడుగులు" అని నేను తడుముకోకుండా చెప్పేవాణ్ని, స్వయంగా టేపు పెట్టి కొలిచి వచ్చినవాడిలా. నా ఉద్యోగం హైదరాబాదులో ఒక విత్తనాల కంపెనీలో. గద్వాల, గట్టు వైపు రైతులు పండించిన పత్తి విత్తనాన్ని చిన్న చిన్న పొట్లాలుగా కట్టి, ఢిల్లీ, నాగపూరు, అహ్మదాబాదుల్లోని పరీక్షశాలలకు తీసుకుపోయి ఇచ్చి రావాలి. విజిటింగ్ కార్డు మీద నా పేరు కింద పెద్ద హోదానే అచ్చువేశారు గానీ, ఉన్నమాట చెప్పాలంటే నేను సంచి మోసేవాణ్ని.

ఇలా తిరుగుతున్నవాడికి ఒకరోజు విమాన కంపెనీ వాళ్ళు పోస్టులో వెండి రంగు కార్డు పంపారు. దాంతోపాటు ఒక రంగురంగుల పుస్తకం. జనవరి ఒకటి నుంచి డిసెంబరు ముప్పై ఒకటి లోపల ముప్పైసార్లు విమానం ఎక్కితే బంగారు కార్డు ఇస్తారట. బంగారు కార్డు ఉన్నవాడికి వేరే వరస, వేరే గది, మెత్తటి కుర్చీలు. అన్నిటికంటే ముఖ్యం, వెంట ఒక మనిషిని ఉచితంగా తీసుకుపోవడానికి ఒక టికెట్టు. నేను ఆ పుస్తకాన్ని విద్యార్థి దశలో ఏ పాఠ్యపుస్తకాన్నీ చదవనంత శ్రద్ధగా చదివాను. వెండి కార్డును పలచటి చొక్కా జేబులో, రంగు బయటికి కనపడేలా పెట్టుకునేవాణ్ని. (ఒకసారి వనపర్తి బస్సులో కండక్టరు దాన్ని చూసి "పాసున్నదా?" అని నన్ను వదిలేసి ముందుకు పోయాడు. పిలిచి టికెట్టు తీసుకున్నానని ఇక్కడ గొప్పగా రాసుకోవాలని ఉంది గానీ, తీసుకోలేదు.)

ఆ ఉచిత టికెట్టు ఎవరికన్నది నేను అప్పుడే నిర్ణయించేశాను. మా అవ్వకు. అవ్వ అంటే మా నాయన వాళ్ళమ్మ. మాది నడిగడ్డ, అంటే అటు కృష్ణకూ ఇటు తుంగభద్రకూ నడుమ చిక్కుకున్న నేల. ఎటు పోవాలన్నా ఏదో ఒక ఏరు దాటాలి. అవ్వ డెబ్భై ఏళ్ళలో ఆ రెండు ఏర్లనూ ఎన్నిసార్లు దాటిందో లెక్కలేదు. పుట్టిలో దాటింది, బండిలో దాటింది, బస్సులో కళ్ళు మూసుకుని దాటింది. కానీ ఆమెకు ఒక కోరిక ఉండేది. "పైకెల్లి చూస్తె రెండేర్లు ఒక్కపారే కనవడ్తయంట గదరా?" అని అడిగింది ఒకరోజు. బెంగుళూరు పోయే విమానం సరిగ్గా మా మీదుగానే పోతుంది, అక్కడ మా మేనత్త కూడా ఉంది. ఇంకేముంది, వీధి అరుగుల మీద నలుగురూ ఉండగా ఛాతీ విరుచుకుని ప్రకటించాను. "బంగారు కార్డు రానీ అవ్వా, పైస ఖర్చు లేకుండ నిన్ను తీస్కపోయి రెండేర్లు చూపిస్త." ఆ రోజు నుంచి వీధిలో నా పేరు 'గోల్డు' అయిపోయింది. అవ్వ కూడా కనపడ్డవాళ్ళకల్లా చెప్పుకుంది.

ఇక లెక్క మొదలైంది. రైల్లో పోదగ్గ చోటికి విమానంలో పోయాను. నాగపూరుకు నేరుగా పోకుండా ముంబై మీదుగా పోయాను, రెండు విమానాలు లెక్కకొస్తాయని. మా సారు ఒకసారి పిలిచి "నాగపూరు దారిలోకి ముంబై ఎప్పుడొచ్చిందయ్యా?" అని అడిగాడు. రైతులు పొట్లాలు ఆలస్యంగా ఇస్తున్నారని, పొద్దున విమానం అందడం లేదని చెప్పాను. (ఆ రైతులు నన్ను క్షమించాలి. వాళ్ళు తెల్లారకముందే కళ్ళంలో నాకోసం కూర్చునేవాళ్ళు.) ఇన్ని పాట్లు పడితే డిసెంబరు చివరి వారానికి ఇరవై ఎనిమిది అయ్యాయి. ముప్పయ్యో తేదీ మంగళవారం సాయంత్రం ఢిల్లీకి పోవాలి, మర్నాడు సాయంత్రం తిరిగి రావాలి. ఇరవై తొమ్మిది, ముప్పై. అంత చక్కగా కుదిరింది.

సోమవారం గట్టులో పొట్లాలు తీసుకుని ఇంటికి వచ్చాను. అవ్వ నా ప్రయాణం ఎప్పుడు, ఎటు అని అడిగింది. చెప్పగానే ముక్కు మీద వేలేసుకుంది.

"మంగళారం ఉత్తరం దిక్కు పోతరారా ఎవలన్న? వారశూల ఉన్నది!"

"విమానానికి శూల ఏందే అవ్వా?"

"విమానానికి లేకపోవచ్చు. నీకున్నది గద."

దీనికి అవ్వ దగ్గర తయారుగా ఒక విరుగుడు ఉంది. ప్రస్థానం పెట్టడం. మంచిరోజున ప్రయాణపు మూటను పక్కింట్లో పెట్టి వస్తే ఆ గడియకే మనం బయలుదేరినట్టు లెక్క. ఆ తర్వాత మనిషి ఎప్పుడు కదిలినా దోషం అంటదు. కాకపోతే ఒకసారి గడప దాటిన మూట మళ్ళీ ఇంట్లోకి రాకూడదు, పోయేటప్పుడు దారిలో తీసుకుని పోవాలి. సరే, పాత చొక్కా ఒకటి పెడదామన్నాను. అవ్వ ఒప్పుకోలేదు. "ఉత్త పాత అంగి పెడితె ప్రయాణం ఎవలిదని ఎట్ల తెలుస్తది? తొవ్వ కాయితం ఉండాలె" అని టికెట్టు, కంపెనీ గుర్తింపు కార్డు, పొట్లాలు అన్నీ సంచిలో పెట్టించి, మంచి గడియ చూసి తానే పక్కింటికి మోసుకుపోయింది. నేనూ వద్దనలేదు. పక్కిల్లే కదా, నాలుగడుగుల దూరం.

పక్కింటి చిన్నమ్మను వీధంతా తాళాల చిన్నమ్మ అనేవాళ్ళు. ఆమె ఎదురింటికి పోయినా తాళం వేసే పోతుంది. బియ్యం డబ్బాకు తాళం, పెట్టెకు తాళం, పెరట్లో మేకపిల్లను కట్టిన గొలుసుకు కూడా తాళం. మంగళవారం పొద్దున ఏడున్నరకు స్నానం చేసి, తల దువ్వుకుని, ఢిల్లీ చలికి స్వెటర్ చేత పట్టుకుని నేను ఆమె గుమ్మం ముందుకు పోయాను. తలుపుకు పైన ఒక తాళం, కింద ఒక తాళం. చెల్లెలి కూతురి పెళ్ళికి తెల్లారుజామునే అమరచింత పోయిందట. కిటికీలోంచి చూస్తే మంచం మీద నా సంచి దర్జాగా కూర్చుని ఉంది.

తాళం పగలగొడతానన్నాను. అవ్వ అడ్డంగా నిలబడింది. "పెండ్లికి పోయినోల్ల ఇంటి తాళం పలగ్గొడ్తవా? బుద్ధున్నదా?" అంది. ఆటో మాట్లాడుకుని జూరాల ఆనకట్ట మీదుగా అమరచింతకు పరుగెత్తాను. దారిలో ఆటో అతను "గంత పరేషాన్ ఎందుకన్నా, పెండ్లి నీదేనా?" అని అడిగాడు. పందిట్లో తాళాల చిన్నమ్మ అక్షింతలు పట్టుకుని మొదటి వరసలో కూర్చుని ఉంది. నన్ను చూసి సంబరపడిపోయింది.

"అయ్యో, గింత దూరం ఒచ్చినవా కొడుకా! అవ్వ రాలేదా?"

"చిన్నమ్మా, నా సంచి మీ ఇంట్ల ఉన్నది. తాళంచెవి కావాలె."

"నీ సంచికి ఏం భయం లేదు, రెండు తాళాలేసిన. జర ఆగు, తాళి కట్టినంక ఇస్త."

తాళంచెవుల గుత్తి ఆమె బొడ్లో ఉంది. పదిమందిలో అప్పుడు తీయలేనంది. తాళి కట్టేదాకా ఆగాను. ఆ తర్వాత తినకుండా పోతే పెళ్ళివాళ్ళను అవమానించినట్టేనంది. మరి నేను తిన్నానా? తిన్నాను. నాలుగు ఓళిగలు తిన్నాను. (భక్ష్యాలను మా వైపు అలా అంటారు.) విమానం పోతుందన్న బాధలో కూడా నెయ్యి ఇంకొంచెం వేయమని అడిగినట్టు గుర్తు. ఆఖరికి ఇరవై రెండు చెవుల గుత్తి నా చేతిలో పడింది. ఇల్లు చేరి, ఏ చెవి ఏ తాళానిదో కనుక్కుని సంచి బయటికి తీసేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. హైదరాబాదు అయిదు గంటల దారి. నాలుగున్నరకు విమానం.

సారుకు ఫోన్ చేశాను. "ఎందుకు తప్పిపోయింది?" అన్నాడు. "సంచి నిన్ననే బయలుదేరింది సార్, నాకు ఇవాళ కుదరలేదు" అని నా నోట్లోంచి ఊడిపడింది. ఆయన విసుక్కుంటూనే టికెట్టు మర్నాటికి మార్పించాడు. ముప్పై ఒకటిన ఢిల్లీకి పోయాను, ఇరవై తొమ్మిది. తిరుగు ప్రయాణం జనవరి ఒకటిన. కొత్త సంవత్సరం, కొత్త లెక్క, మళ్ళీ ఒకటి. ఆ విమానంలో పిల్లలకు చాక్లెట్లు పంచారు. నాకూ ఒకటి ఇచ్చారు, చేదుగా ఉంది.

ఊరికే ఊరుకోలేదు నేను. విమాన కంపెనీకి ఇంగ్లీషులో రెండు పేజీల ఉత్తరం రాశాను. మా ప్రాంతపు ఆచారం ప్రకారం నా సంచి సోమవారమే ప్రయాణం మొదలుపెట్టిందని, సంచి బయలుదేరితే మనిషి బయలుదేరినట్టేనని, కాబట్టి దయచేసి ఒక్క విమానం కలుపుకోవాలని. ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. మూడు వారాలకు జవాబు వచ్చింది. ఎంతో చింతిస్తున్నారట. అభిమానానికి గుర్తుగా సంచికి కట్టుకోవడానికి రెండు ప్లాస్టిక్ బిళ్ళలు పంపారు. అంటే నా సంచికి దక్కిన మర్యాద నాకు దక్కలేదు. వీధిలో 'గోల్డు' పోయి 'ఇరవై తొమ్మిది' అని కొత్త పేరు వచ్చింది. నాకు దానికంటే అవ్వ ముఖం చూడడమే కష్టంగా ఉండేది. ఆమె నన్ను ఒక్కమాటా అనలేదు, అందరి ముందూ తన ప్రస్థానాన్నే తిట్టుకుంది. ఒకరోజు అన్నం పెడుతూ అడిగింది.

"ఆ టికిటు కొంటె ఇయ్యరా?"

"ఇస్తరు."

"మరి కొనకపోతివి?"

ఆ రోజుల్లోనే ఇంకో విమాన కంపెనీ చవక టికెట్లు మొదలుపెట్టింది. బెంగుళూరు టికెట్టు నా జేబులోని ఫోను ధరలో సగం కూడా లేదు. ఏడాది పొడుగునా ముంబై చుట్టూ ప్రదక్షిణలు చేశాను గానీ, మా అవ్వకు ఒక టికెట్టు నా జీతంతో కొనవచ్చన్న ఆలోచన నా బుర్రకు తట్టనే లేదు. ఉచితంగా, బంగారు కార్డు మీద, నలుగురూ చూస్తుండగా తీసుకుపోవాలి. నాకు కావలసింది అది. నిజంగా సిగ్గేసింది.

అవ్వకూ నాకూ బెంగుళూరుకు టికెట్లు కొన్నాను. చవకగా దొరికింది గురువారానికి. గురువారం దక్షిణ శూల అని అవ్వ వెంటనే కనిపెట్టింది. బుధవారం మళ్ళీ ప్రస్థానం. "మా ఇంట్ల పెట్టు అత్తా, నేను యాడికీ పోను" అని తాళాల చిన్నమ్మ బతిమాలింది. అవ్వ నమ్మలేదు. మూటను ఆమె అరుగు మీద పెట్టి, దాని పక్కనే తానూ చాపేసుకుని పొద్దుగూకేదాకా కాపలా కూర్చుంది. పాపం, చిన్నమ్మ ఆ రోజు తలుపుకు తాళం వేయలేదు.

విమానంలో కుడివైపు కిటికీ సీటు ఇప్పించాను. మూట పైన పెడదామని విమానంలోని అమ్మాయి చేయి చాపితే, "ఇది నాకంటె ముందుగల్ల బయలెల్లింది బిడ్డా, దూరం పెట్టకు" అంది అవ్వ. ఆ అమ్మాయికి తెలుగు రాదు, అయినా నవ్వి మూటను అవ్వ కాళ్ళ ముందే సర్దింది. కాసేపటికి కింద కృష్ణ కనపడింది. మాఘమాసపు ఎండలో సన్నగా మెరుస్తోంది. "అగో అవ్వా, కిష్ణ. ఇగ ముందలికెల్లి చూడు, తుంగభద్ర." అవ్వ నుదురు అద్దానికి ఆనించింది. తర్వాత అరచేయి తెరిచి అద్దం మీద, రెండు ఏర్ల నడుమ పెట్టింది.

"డెబ్బై ఏండ్ల సంది గీన్నే తిరిగిన్నా నేను? నా అరచెయ్యంత లేదు గదరా."

కాసేపటికి అవ్వ చీర కొంగుముడి విప్పి బోర్డింగ్ పాసు ముక్క తీసి నా చేతిలో పెట్టింది.

"నీయి ఎన్నయినయంటివి?"

"ఇరవై తొమ్మిది."

"నాదొకటి ఏసుకో. ముప్పై అయినయి గద. రాయించుకో."

ఒకరి ప్రయాణం ఇంకొకరి లెక్కలోకి రాదని, ఆ ఏడాది ఎప్పుడో ముగిసిందని, పైగా ఇది వేరే కంపెనీ విమానమని చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె ముఖం చూసి మూసుకున్నాను. "సరే అవ్వా" అన్నాను.

రెండేళ్ళ తర్వాత నిజంగానే బంగారు కార్డు వచ్చింది. ఉచిత టికెట్టు కూడా వచ్చింది. అవ్వను మళ్ళీ రమ్మంటే "ఒకపారి చూసిన గద, మల్ల ఏం చూస్త" అని కొట్టిపారేసింది. ఆ కార్డు కోసం ఎక్కిన ముప్పై విమానాల్లో ఒక్కటీ ఇప్పుడు నాకు గుర్తులేదు, కార్డు గడువు తీరి ఏ సొరుగులో పడి ఉందో కూడా తెలియదు. పర్సు వెనక అరలో మాత్రం అవ్వ ఇచ్చిన బోర్డింగ్ పాసు ముక్క ఉంది. అచ్చు వెలిసిపోయి తెల్లకాగితమైంది. జుట్టు నెరిసిన ఈ వయసులో కూడా, పర్సు మార్చిన ప్రతిసారీ దాన్ని జాగ్రత్తగా కొత్త పర్సులోకి మారుస్తుంటే నాకే నవ్వొస్తుంది. అయినా మారుస్తాను. ముప్పయ్యోది ఏదని ఎవరైనా అడిగితే చూపించాలి కదా.