మా కుక్కకి అల్లుడి మర్యాదలు

మా అత్తయ్యగారిది కోనసీమ. మామయ్యగారికి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వస్తే ఆయన వెంట గాజువాక వచ్చి, ఇక్కడే స్థిరపడ్డారు. ఊరు మారింది గానీ ఆవిడ చెయ్యి మారలేదు. ఇంటికెవరొచ్చినా కడుపు నిండిందంటే నమ్మరు. "ఇంకొక్క ముద్ద, నా మీద ఒట్టు" అంటూ కొసరి కొసరి వడ్డిస్తారు. ఈ మర్యాదలు మనుషుల దాకా ఉంటే నాకేం బాధ లేదు. మా కుక్కకి కూడా చేశారు, అక్కడే వచ్చింది చిక్కు.

మావాడిది ఏ జాతో తెలీదు గానీ దర్జా మాత్రం జమీందారుది. పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకుని చేపలావిడ మా వీధిలోకి వస్తుంది. ఆవిడ దగ్గర కవళ్ళ చేపలు కొని, ఉడకబెట్టి, ముళ్ళన్నీ ఏరి, మెత్తటి అన్నంలో కలిపి, అత్తయ్యగారు పీట వేసుకుని కూర్చునేవారు. ముద్ద చేసి నోటికందిస్తే వాడు రెండు తిని మొహం తిప్పుకునేవాడు. "ఈ ఒక్కటీ, మా నాన్న కదూ" అని ఆవిడ బతిమాలేవారు. అలక పాన్పు ఎక్కిన కొత్త అల్లుడు కూడా అంత బెట్టు చేసి ఉండడు.

ఇంతలో ఆవిడ మోకాళ్ళు మొరాయించాయి. ఆపరేషన్ తప్పదు, కొన్ని వారాలు విశ్రాంతి కావాలి అన్నారు డాక్టరు. ఆవిడ ససేమిరా అన్నారు.

"నేను ఆస్పత్రిలో పడుంటే వీడికి ముద్దెవరు పెడతారమ్మాయ్? పస్తులతో చచ్చిపోడూ?"

మామయ్యగారు పోయి చాన్నాళ్ళయింది. మా ఆయనకి ప్లాంటులో షిఫ్టులు. నేను ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాను. కవళ్ళ ముళ్ళు ఏరే ఓపిక ఇద్దరికీ లేదు. కాబట్టి కుక్కకి ప్యాకెట్లో దొరికే డ్రై ఫుడ్ అలవాటు చేస్తే తప్ప అత్తయ్యగారి మోకాలు బాగుపడదు. ఇంత విచిత్రమైన లెక్క నేను పిల్లలకెప్పుడూ ఇవ్వలేదు.

పశువుల డాక్టరు చాలా తేలిగ్గా చెప్పేశారు. "గిన్నె పెట్టండి. పావుగంట చూడండి. తినకపోతే మాట్లాడకుండా తీసేయండి. మళ్ళీ పూటకి పెట్టండి. ఆరోగ్యంగా ఉన్నాడు కదా, ఆకలేస్తే వాడే తింటాడు."

అత్తయ్యగారు గుండెల మీద చెయ్యేసుకున్నారు. "తినేవాడి ముందు నుంచి కంచం లాగేత్తామా? మా ఇంటా వంటా లేదు."

ప్యాకెట్ విప్పగానే ముందు ఆవిడే ఒక గింజ నోట్లో వేసుకుని నమిలారు. "ఉప్పు లేదు, కారం లేదు. పథ్యం కూడా ఇంతకన్నా నయం" అని తీర్పు చెప్పేశారు. మావాడు గిన్నెని వాసన చూసి, మమ్మల్ని ఒకసారి ఎగాదిగా చూసి, వెళ్ళి మంచం కింద దూరాడు.

అప్పుడు సముద్రంలో చేపల వేట నిషేధం నడుస్తోంది. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. చేపలావిడ గంపలో ఎండు నెత్తళ్ళు తప్ప ఏమీ లేవు. ఆవిడ ఒక ఉపాయం చెప్పింది.

"నెత్తళ్ళు గుండ సేసి పైన సల్లమ్మా. వాసనకి ఆడే తినేత్తాడు."

చల్లాం. వాడు పరుగెత్తుకొచ్చి గింజ గింజా శ్రద్ధగా నాకి, ఒక్కటి కూడా కొరక్కుండా కడిగిన ముత్యాల్లా వదిలేశాడు. చేపలావిడ గేటు పట్టుకుని నవ్వింది. "ఈడు సానా తెలివైనోడమ్మా!"

నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. గిన్నె విసురుగా తీసేశాను. "వాడు తినకుండా నాకు ముద్ద ఎలా దిగుతుంది?" అని అత్తయ్యగారు కూడా అన్నం మానేశారు. ఒకే ఇంట్లో ఇద్దరి నిరాహార దీక్ష! సాయంత్రం నేను సెంటర్ నుంచి వచ్చేసరికి మావాడి మూతికి పెరుగన్నం మెతుకులున్నాయి. అత్తయ్యగారు గోడకేసి చూస్తున్నారు.

ఇలా కొన్నాళ్ళు సాగింది. ఒకరోజు పొద్దున మేమిద్దరం పనికెళ్ళాక ఆవిడ మళ్ళీ పీట వేసుకుని వాణ్ణి బతిమాలడానికి కూర్చున్నారు. లేవబోతే మోకాలు పట్టేసింది. ఫోను లోపలెక్కడో ఉంది. చేపలావిడ గేటు దగ్గరికి వచ్చి కేకేసే దాకా అలా నేల మీదే ఉండిపోయారు. ఆవిడే లోపలికొచ్చి లేపి, మంచం మీద కూర్చోబెట్టి, నాకు ఫోన్ చేసింది. నేను వచ్చేసరికి అత్తయ్యగారికి చీవాట్లు పడుతున్నాయి.

"ఓలమ్మో! కుక్క అలిగిందని నువ్వు కూలబడిపోతావేటి? రేపు నువ్వే మంచాన పడితే దానికెవులు పెడతారు, నీకెవులు పెడతారు?"

అత్తయ్యగారు మోకాలు నిమురుకుంటూ తలూపారు. మేమెంత చెప్పినా ఎప్పుడూ అలా తలూపలేదు.

మర్నాడు ఆవిడే గిన్నెలో గింజలు పోసి కింద పెట్టారు. పీట వేసుకోలేదు. వెళ్ళి సోఫాలో కూర్చుని, వాడికి వీపు పెట్టి, టీవీలో సీరియల్ పెట్టుకున్నారు. మావాడు వచ్చి ఒళ్ళో కాలు వేశాడు. ఆవిడ చూడలేదు. చీర కొంగు లాగాడు. ఆవిడ చూడలేదు. పావుగంట గడిచాక లేచి గిన్నె తీసేశారు. కుక్క మీద కాదు, నాకు ఆవిడ మీద జాలేసింది. సాయంత్రమూ అంతే.

ఆ మర్నాడు పొద్దున సీరియల్ మధ్యలో వెనక నుంచి కరకరమని చప్పుడు వినిపించింది. అత్తయ్యగారు టీవీ నోరు నొక్కేసి, మమ్మల్ని కదలొద్దని వేలు చూపించారు. ముగ్గురం ఊపిరి బిగబట్టి విన్నాం. వాడు గిన్నె అడుగు దాకా తిని, నీళ్ళు తాగి, ఏమీ జరగనట్టు వెళ్ళి గుమ్మంలో పడుకున్నాడు.

"అమ్మా, తినేశాడే!" అని మా ఆయన ఆవిణ్ణి పట్టుకుని ఊపేశారు. ముగ్గురం పగలబడి నవ్వాం. ఆ నవ్వు మధ్యలోనే అత్తయ్యగారి మొహం చిన్నబోయింది.

"అయితే ఇంక నాకు వంక లేదన్నమాట" అన్నారు.

మాకు అర్థం కాలేదు. ఆవిడ చీర అంచు సరిచేసుకుంటూ చెప్పారు. "ఆ మత్తు సూది పొడిచాక మళ్ళీ లేత్తానో లేదోనని భయమమ్మాయ్. వీడున్నాడు కదా అని ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను."

పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "ఆపరేషన్ గది తలుపు దాకా నేనొస్తాను అత్తయ్యా. మీరు కళ్ళు తెరిచేసరికి పక్కనే ఉంటాను."

ఆవిడ గుమ్మంలో నిద్రపోతున్న వాడి వంక చాలాసేపు చూశారు.

"డాక్టరుగారికి ఇప్పుడే ఫోన్ చెయ్యి" అన్నారు. "సాయంత్రానికి వీడు మళ్ళీ అలిగాడంటే నా మనసు మారిపోద్ది."