తోయడానికి కొన్న పోటీ సైకిలు

ఆ రోజుల్లో అరకు రైలు గేటు పడిందంటే మనిషికి తన బతుకు గురించి ఆలోచించుకోవడానికి కావలసినంత తీరిక దొరికేది. ఇనుపరాయి మోసుకెళ్లే గూడ్సు అంత పొడవు, అంత నిదానం. నాకు మాత్రం ఆ తీరిక దొరకలేదు. ముసురు పట్టిన ఒక ఉదయం, పోటీ మధ్యలో, పడుతున్న గేటు ముందు బ్రేకు వేశాను. సైకిలు ఆగింది. కాలు కింద పెట్టబోతే నేల అందలేదు. సైకిలుతో సహా ఒరిగి రోడ్డు పక్క బురద కాలవలో పడ్డాను. ఎడమ మణికట్టు విరిగింది. అప్పటివరకు నేను అందరికన్నా ముందున్నాను. (ఇలా చెప్పుకునే అవకాశం జీవితంలో మళ్లీ రాలేదు కనుక ఇంకోసారి చెబుతున్నాను: అందరికన్నా ముందు.)

అది తొంభైల చివరి మాట. గెడ్డలో, అంటే కొండవాగులో ఈత, ఆ తడి బట్టలతోనే సైకిలు, చివర పరుగు. దాన్ని ట్రయథ్లాన్ అన్నది విజిలు మాస్టారు ఒక్కరే. (హుకుంపేటలో మా డ్రిల్లు మాస్టారాయన, మెడలో విజిలు లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు.) మిగతావాళ్లు మూడాటలనేవారు. గెలిచినవాడికి విశాఖపట్నం క్రీడా హాస్టల్లో సీటన్నారు. ఇంటర్ తప్పిన నాకు అది దక్కకపోతే విజయనగరంలో నాన్న మాట్లాడి ఉంచిన చింతపండు గోదాము. ఈతకి భయం లేదు, పరుగుకీ లేదు. అసలు లేనిది సైకిలు.

కొనడానికి నేనూ మాస్టారూ మావయ్యా కలిసి పాడేరు వెళ్లాం. మావయ్య అల్లం బస్తాలు సైకిలు మీద వేసుకుని సంతలు తిరిగేవాడు. మా ఇంట్లో సైకిళ్ల విషయంలో ఆయనదే చివరి మాట. కొట్లో ఫ్రేములు రెండు సైజులున్నాయి, ఇరవై రెండు అంగుళాలూ ఇరవై నాలుగూ. "గొట్టానికి అటో కాలు ఇటో కాలు వేసి నిల్చో. పాదాలు రెండూ నేలకి ఆనాలి, పైన బెత్తెడు ఖాళీ ఉండాలి. అదే నీ సైజు" అన్నారు మాస్టారు. నేను కాలెత్తబోతే మావయ్య చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు.

"ఏటి సేత్తన్నావు? నిమ్మకాయ తొక్కించకుండా కొత్త బండి ఎక్కేత్తావేట్రా?"

కొట్టాయన కూడా తల ఊపాడు. అక్కడ పద్ధతి అదే. పసుపూ కుంకుమా పెట్టి, చక్రం కింద నిమ్మకాయ నలిగాకే ఎక్కాలి. నలిగిందంటే బండి మనది, వెనక్కి తీసుకోరు. అంటే సరిపోతుందో లేదో కొన్నాకే తెలుస్తుంది. (మా వైపు పెళ్లిళ్లూ ఇంచుమించు ఇలాగే జరిగేవి కనుక ఎవరికీ వింతగా తోచలేదు.)

"మరి కొలత ఎలాగండీ?" అన్నారు మాస్టారు.

"తోసి సూడాల. మన కొండల్లో సైకిలు ఎక్కేదెంత, తోసేదెంత మాస్టారూ? దిగువకైతే ఏ సైజైనా దానంతటదే దొర్లిపోద్ది. ఎగువకి తోసినప్పుడే దాని సంగతి తెలుస్తాది."

అని, కొట్టు ముందున్న ఎత్తు మీదికి రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి తోశాడు. ఇరవై రెండుతో నడుం వంగింది. ఇరవై నాలుగుతో ఊరేగింపులో పెళ్లికొడుకులా నిటారుగా నడిచాడు.

"పోటీలో తోయరండీ, తొక్కుతారు."

"ఆ ఘాటీ మలుపు కాడ మీరు తొక్కండి, నేను సూత్తాను."

మాస్టారు విజిలు నోట్లో పెట్టుకున్నారు గాని ఊదలేదు. ఇరవై నాలుగు కిందే నిమ్మకాయ నలిగింది.

ఎక్కి చూస్తే, మునివేళ్లకి పెడళ్లు అందాయి గాని నేల అందలేదు. అందుకని రాళ్లు నేర్చుకున్నాను. ఏ మైలురాయి పక్కన ఆగాలో, ఏ కల్వర్టు గోడకి కాలు ఆనించాలో హుకుంపేట రోడ్డంతా నాకు కంఠస్థం. అరకు గేటు దగ్గర కూడా ఒక రాయి చూసి పెట్టుకున్నాను. ఆ రోజు దాని మీద అడ్డాకుల మోపు పెట్టుకుని ఒక ముసలమ్మ కూర్చుంది. నేను కాలవలో పడ్డాక కూడా లేవలేదు. "పొట్టి కాళ్లోడివి, అంతెత్తు సైకిలేటి బాబూ నీకు" అంది, జాలిగానే.

గూడ్సు పోయేలోగా వెనకబడ్డవాళ్లంతా వచ్చి గేటు దగ్గర పోగయ్యారు. గేటు లేవగానే వెళ్లిపోయారు. ఒంటిచేత్తో ఎక్కలేక నేను వానలో తోసుకుంటూ బయలుదేరాను. ఉన్నమాట చెప్పాలి, తోయడానికి అది అద్భుతమైన సైకిలు. పరుగు మొదలయ్యే చోట మావయ్య మాస్టారి పక్కన నిలబడి ఉన్నాడు. "సూసారా, ఒంటిసేత్తో ఎంత సుళువుగా తోత్తన్నాడో" అన్నాడు గర్వంగా. దగ్గరికి వచ్చాక నా రెండో చెయ్యి చూశాడు. ఆ తర్వాత మా ఇంట్లో సైకిళ్ల గురించి ఆయన మాట్లాడగా నేను వినలేదు. ఆ సైకిలు మీదే ఓపికున్నంతకాలం అల్లం తోశాడు, ఒక వానాకాలంలో పోయాడు.

ముందున్నవాళ్ల ఆధిక్యాన్ని గేటు మింగేసిందని ఎవరో ఫిర్యాదు చేయడంతో ఫలితం నిలిపేశారు. గేటు లేని రోడ్డు చూసి మళ్లీ పెడతామన్నారు. కట్టు విప్పేదాకా ఎదురుచూశాను, విప్పాక కూడా చూశాను. తర్వాత గోదాముకి వెళ్లాను. ఆ పులుపు వాసన వదిలించుకుని పత్రికలో చేరడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇప్పటికీ ఆ గేటు పడితే, కూర్చున్నది కారులోనైనా, కాలు ఆనించడానికి పక్కన ఏముందా అని చూస్తాను. డ్రైవరుకి ఈ సంగతి చెప్పలేదు.

ఈమధ్య పాత నిర్వాహకుల్లో ఒకాయన కనిపిస్తే, విలేకరి బుద్ధి కొద్దీ ఆ ఫలితం ఏమైందని అడిగాను. ఆయన "అది ఇంకా పరిశీలనలోనే ఉందండి" అన్నారు. పోటీ రద్దయినట్టు ఎవరూ ప్రకటించలేదు. ఎవరైనా గెలిచినట్టూ ప్రకటించలేదు.