కంప్యూటర్‌కు మైసమ్మ మలుపు నేర్పిన బావ

మొన్న పొద్దున అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, మీ బావ పోయిండు. చాయ్ తాగి కప్పు కింద పెట్టిండు, గంతే." ఎప్పుడూ కోరుకున్నట్టే, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వెళ్లిపోయాడు.

గోదావరిఖనిలో మా బావను ఎరిగినవాళ్లకు ఒకటి గుర్తుండే ఉంటుంది. ఆయన మనిషి మొహం కంటే ముందు బండి టైరు చూసేవాడు. బండి లేకపోతే చెప్పులు చూసేవాడు. నా పెళ్లిలో నేను విడిచిన చెప్పులు తిరగేసి, "కుడి మడమ అరిగింది బామ్మర్దీ, జర వంకర నడుస్తున్నవ్" అన్నాడు.

డెబ్బైల్లో, ఓపెన్‌కాస్ట్ గని కొత్తగా తెరిచినప్పుడు ఆయన బొగ్గు మోసే పెద్ద బండ్ల, అంటే డంపర్ల షెడ్డులో ఇంజనీరు. మనిషెత్తు టైరు అరిగితే కొత్తది రావడానికి నెలలు పట్టేది. అంతవరకు బండి మూలన పడాల్సిందే. ఏది ఎప్పుడు అరుగుతుందో ముందే చెప్పాలని బావకు పిచ్చి పట్టింది. బరువు, ఎత్తుపల్లాలు, మలుపులు అన్నీ అంకెలు చేసి, అప్పటి పద్ధతిలో ఆ అంకెల్ని అట్టముక్కల మీద చిల్లులుగా కొట్టించి హైదరాబాద్‌లో కంప్యూటర్‌కు తినిపించేవాడు. అది తన లోపలే, అంకెల్లోనే డంపర్ నడిపి జవాబు చెప్పాలి. బస్సులో తోడు వెళ్లిన నా ఒళ్లో ఆ అట్టల పెట్టె పెట్టి, "పసిపిల్ల లెక్క పట్టుకో. ఒక్కటి తారుమారైతే డంపర్ గోదాట్ల పడ్తది" అనేవాడు.

ముందు ఎడమ టైరు ఎండాకాలం దాటుతుందంది కంప్యూటర్. ఉగాదికే నున్నగా అయిపోయింది. షెడ్డంతా నవ్వింది. ఇంకోసారి తప్పితే హైదరాబాద్ ప్రయాణాలు బంద్ అని పై అధికారి తేల్చేశాడు. బావకు అన్నం సయించలేదు.

చివరికి డంపర్ ఎక్కి డ్రైవర్ పక్కన కూర్చున్నాడు. మలుపులో మైసమ్మ గద్దె దగ్గర డ్రైవర్ బండిని ఎడమకు తిప్పి, బ్రేకు తొక్కి, హారన్ కొట్టి మొక్కాడు. వెనక బండ్లవాళ్లూ అంతే. ప్రతి మొక్కుకూ ముందు ఎడమ టైరే రాళ్లకు ఒరుసుకుంటోంది.

"రోజూ గిట్లనేనా?"

"తల్లికి మొక్కకుండ గనిల ఎట్ల దిగుతం సార్?"

బావ పడీపడీ నవ్వాడట. తనూ రోజూ అక్కడ సైకిల్ దిగి మొక్కేవాడే, లెక్కలో రాయడమే మరిచాడు!

గద్దెను జరిపిద్దామన్నాడు అధికారి. "తల్లిని జరుపుడెందుకు సార్, లెక్కనే జరుపుదాం" అన్నాడు బావ. మైసమ్మ పేరిట ఇంకో అట్టకు చిల్లులు పడ్డాయి. ఈసారి ఇంకో డంపర్ ముందు ఎడమ టైరు బోనాల దాకా వస్తుందంది కంప్యూటర్. సరిగ్గా బోనాల వారమే టైరు అరిగింది. డ్రైవర్లు ఆ టైరుకు కూడా బొట్టు పెట్టారు. బావ మళ్లీ హైదరాబాద్ బస్సెక్కాడు, పెట్టె మళ్లీ నా ఒళ్లోకి వచ్చింది.

నేను బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. లెక్క తప్పిన పిల్లవాణ్ని తిట్టకుండా పక్కన కూర్చోవడం ఆయన్ని చూసే నేర్చుకున్నాను. బతికుండగా ఆ మాట ఆయనతో అననేలేదు.

గని మూతపడి ఏళ్లయింది. గద్దె మాత్రం దారి పక్కనే ఉంది. బావను గోదావరి ఒడ్డుకు తీసుకుపోతుంటే వ్యాన్ డ్రైవర్ అక్కడ ఎడమకు తిప్పి, బ్రేకు తొక్కి, హారన్ కొట్టాడు. ఏడుస్తున్న అక్క ఒక్కసారిగా నవ్వేసింది.

"మీ బావ ఉంటే దిగి చూసేటోడు" అంది.

ఒడ్డున బండి ఆగగానే ఆయన బదులు నేనే వంగి చూశాను. ముందు ఎడమ టైరు అంచు నున్నగా అరిగి, చేతికి వెచ్చగా తగిలింది.